జన్యువుల గుంపులు: చెట్టును ఎక్కడ కోయాలన్న పాతికేళ్ల పేచీ

ఒకే జన్యు డేటాను ఇద్దరికి ఇచ్చి చూడండి, ఒకరు పది మాడ్యూల్స్ (కలిసి పనిచేసే జన్యువుల గుంపులు) ఉన్నాయంటారు, ఇంకొకరు నలభై అంటారు, ఇద్దరి లెక్కలోనూ తప్పుండకపోవచ్చు. ఈ తేడా ఎక్కడ మొదలైందో తెలియాలంటే ఈస్ట్ దగ్గరికి వెళ్లాలి, అదే, బ్రెడ్ పిండిలో కలిపే ఈస్టే.

1996లో దాని జీనోమ్ మొత్తం చదివేశారు, సుమారు 6,000 జన్యువులు. మైక్రోఅర్రేలు అనే చిప్‌లు రావడంతో ఏ జన్యువు ఎప్పుడు ఎంత చురుగ్గా ఉందో అన్నిటికీ ఒకేసారి కొలవడం కుదిరింది. కొలిచారు సరే, ఆ అంకెల కుప్పను చదివేదెలా? 1998లో స్టాన్‌ఫర్డ్‌లో మైఖేల్ ఐసెన్, సహచరులు, కలిసి పెరిగి కలిసి తగ్గే జన్యువులను జతలు జతలుగా కలుపుకుంటూ పోయి ఒక చెట్టు కట్టారు, పక్కనే ఎరుపు, ఆకుపచ్చ గళ్ల బొమ్మ వేశారు. రైబోజోమ్ (కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం) ప్రోటీన్ల జన్యువులు గుంపుగా ఒకచోట తేలాయి. చక్కటి ఫలితం. కానీ గుంపులు విడదీయాలంటే ఏ ఎత్తులో కోయాలో చెట్టు చెప్పదు కదా! మరుసటి ఏడాది హార్వర్డ్ బృందం కె-మీన్స్ అనే పద్ధతి వాడింది, అందులో ఎన్ని గుంపులు కావాలో మనమే ముందుగా చెప్పాలి, వాళ్లు 30 అన్నారు.

తర్వాత నెట్‌వర్క్‌లు, అంటే జన్యువులు చుక్కలు, వాటి మధ్య బంధాలు గీతలు. రెండు జన్యువుల కోరిలేషన్ (అవి ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.8 దాటితే గీత గీస్తాం, లేకపోతే లేదు అనుకోండి, మరి 0.79 వచ్చిన జత ఏం పాపం చేసింది? 2005లో యూసీఎల్ఏలో బిన్ జాంగ్, స్టీవ్ హోర్వాత్ ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం: గీతను తెంచొద్దు, కోరిలేషన్‌ను ఘాతానికి ఎక్కించండి. 6వ ఘాతం వేస్తే 0.8 కాస్తా 0.26 అవుతుంది, 0.4 అయితే 0.004కి పడిపోతుంది, అంటే బలహీనమైన బంధాలు వాటంతట అవే మాసిపోతాయి. రెండు జన్యువులకు ఉమ్మడి పొరుగువాళ్లు ఎందరన్నదీ లెక్కలోకి తెచ్చారు. 2008లో ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌కి ప్యాకేజీ రావడంతో, డబ్ల్యూజీసీఎన్ఏ అనే ఈ పద్ధతి ల్యాబుల్లో బాగా పాకింది. అయినా చివర్లో చెట్టును కోయాల్సిందే, మాడ్యూల్‌కి కనీసం ఎన్ని జన్యువులుండాలో మనమే చెప్పాల్సిందే.

ఇంకో దారిలో న్యూమన్, గిర్వాన్ మాడ్యులారిటీ అనే స్కోరు తెచ్చారు, గుంపుల లోపలి గీతలు యాదృచ్ఛికంగా ఉండేవాటికన్నా ఎంత ఎక్కువో అది చెబుతుంది. పెద్ద నెట్‌వర్క్‌లో ఆ స్కోరు చిన్న గుంపులను పెద్దవాటిలో కలిపేయగలదని 2007లో ఫోర్చునాటో, బార్తెలెమీ చూపించారు.

2019లో వచ్చిన డ్రీమ్ అనే పరిశోధకుల పోటీ ఫలితాల్లో, జన్యువుల పేర్లు దాచిపెట్టి మాడ్యూల్స్ వెతికే 75 పద్ధతులను పరీక్షించారు. ముందు నిలిచినవి ఒకే కోవకు చెందినవి కావు. ఒకదానికి చిక్కని, వ్యాధులతో ముడిపడ్డ మాడ్యూల్స్ ఇంకొకదానికి చిక్కాయి.