ఒక్క పరమాణు పొరలో అయస్కాంతత్వం: అరవై ఏళ్ల ప్రశ్న వెనుక కథ

ఇనుమును పలుచన చేసుకుంటూ పోతే అది ఏ మందం దగ్గర అయస్కాంతంగా ఉండడం మానేస్తుందన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు రావడానికి భౌతిక శాస్త్రానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది. హార్డ్ డిస్కుల రీడ్ హెడ్లు, అయస్కాంత మెమరీ చిప్పులు నేడు నానోమీటరు మందపు లోహపు పొరలతో పనిచేస్తున్నాయి. ప్రశ్న పుట్టిన రోజుల్లో మాత్రం అంత శుభ్రమైన పొరను తయారుచేసే సాధనమే లేదు.

తొలి జవాబు సిద్ధాంతం నుంచి, అదీ ప్రతికూలంగా వచ్చింది. పరమాణువుల స్పిన్‌లు, అంటే ఒక్కో పరమాణువును చిట్టి అయస్కాంతంగా మార్చే గుణం, ఏ దిశకైనా సమాన స్వేచ్ఛతో తిరగగలిగితే, ఒకే తలంలో పరుచుకున్న పరమాణువులలో వేడికి పుట్టే స్పిన్ తరంగాలు (స్పిన్‌ల దిశలో అలల్లా పాకే ఊగిసలాట) ఎంత చల్లని స్థితిలోనైనా స్పిన్‌లన్నీ ఒకే వైపు తిరిగి ఉండే క్రమాన్ని చెరిపివేస్తాయని 1930లో భౌతిక శాస్త్రవేత్త ఫెలిక్స్ బ్లోఖ్ వాదించారు. 1966లో మెర్మిన్, వాగ్నర్ దానికి గణిత నిరూపణ ఇచ్చారు. ఈ మధ్యలోనే, 1944లో, స్పిన్‌లకు పైకి, కిందికి అన్న రెండే దిశలుంటే ఒక్క తలంలోనూ క్రమం నిలుస్తుందని లార్స్ ఆన్‌సాగర్ లెక్కతో చూపించారు. రెండు ఫలితాలూ సరైనవే. అసలు లోహం వీటిలో దేనికి దగ్గరగా ఉంటుందన్నదే తేలవలసి ఉంది. ఈ చరిత్రకు తాళంచెవి 1954లో ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త లూయీ నీల్ చెప్పిన మాటలో ఉందని నా అభిప్రాయం: ఉపరితలంపై ఉన్న పరమాణువుకు ఒక వైపు పొరుగు పరమాణువులు ఉండవు కాబట్టి, దాని స్పిన్ అన్ని దిశలనూ ఒకే విధంగా చూడదు. అనైసోట్రపీ అనే ఈ దిశాభేదం కొద్దిపాటిగా ఉన్నా స్పిన్ తరంగాలకు అడ్డుకట్ట పడుతుంది.

ప్రయోగాల మాటకు వస్తే, ద్రావణాల నుంచి ఎలక్ట్రోప్లేటింగ్ పద్ధతిలో పూసిన ఇనుము, నికెల్ పొరలను కొలిచినవారు 1970 ప్రాంతంలో మొదటి ఒకటి రెండు పరమాణు పొరలలో అయస్కాంతత్వమే లేదని ప్రకటించారు. వాటికి ‘మృత పొరలు’ అన్న పేరు వచ్చింది. లోపం లోహంలో కాక, దానికి అంటిన హైడ్రోజన్ వంటి మలినాలలో ఉందని తరువాత తేలింది. వాతావరణ పీడనంలో వంద కోట్లవ వంతు గాలి మిగిలినా చాలు, సుమారు ఒక్క సెకనులో ఆ వాయువు ఉపరితలాన్ని ఒక పొరగా కప్పేయగలదు. దానికన్నా పదివేల రెట్లు మెరుగైన శూన్యం అందుబాటులోకి వచ్చాకే పొరను పెంచడానికీ, కొలవడానికీ గంటల వ్యవధి దొరికింది.

జర్మనీలోని క్లౌస్టాల్‌లో ఉల్రిష్ గ్రాడ్‌మన్ బృందం ఈ దారిలో అందరికన్నా ముందు నడిచింది. రాగి స్ఫటికంపై పెంచిన కొద్దిపాటి పొరల నికెల్-ఇనుము మిశ్రమంలో అయస్కాంతత్వం తలానికి నిలువుగా నిలబడుతున్నట్లు 1968లోనే గమనించి, నీల్ ఊహకు తొలి ఆధారం చూపింది. 1985లో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో మూగ్, బేడర్ బంగారంపై పేర్చిన ఇనుము మీదికి లేజర్ కాంతిని పంపి, ప్రతిఫలించిన కాంతి ధ్రువణంలో (కాంతి తరంగం కంపించే దిశలో) వచ్చే అతి స్వల్పమైన మలుపును బట్టి, ఒకటి రెండు పొరల అయస్కాంతత్వాన్ని శూన్యపు గదిలోనే కొలిచారు. అయితే ఆ జంటలో ఒక చిక్కుంది: ఇనుము పేరుస్తుంటే బంగారు పరమాణువులు దాని పైకి తేలి వస్తాయి.

టంగ్‌స్టన్‌తో ఆ చిక్కు లేదు. అది ఇనుముతో కలిసిపోదు. తన ఉపరితల శక్తి ఎక్కువ కావడం వల్ల ఇనుమును తన మీద చదునుగా పరుచుకోనిస్తుంది. గది ఉష్ణోగ్రతలో పేరిస్తే ఇనుము మొదట ఒక్క పరమాణువు మందపు దీవులుగా ఏర్పడుతుంది. ఏ దీవికాదీవిలో స్పిన్‌లు ఒకే వైపు తిరిగి ఉన్నా, చిన్న దీవి మొత్తాన్నీ వేడి తిప్పేస్తూ ఉంటుంది కాబట్టి స్థిరమైన అయస్కాంతత్వం కనిపించదు. ఉపరితలంలో సుమారు 60 శాతం నిండేసరికి దీవులు ఒకదానినొకటి తాకి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెగని దారి ఏర్పడుతుంది. సరిగ్గా అక్కడే అయస్కాంత క్రమం మొదలవుతుందని గ్రాడ్‌మన్, ఎల్మర్స్ బృందం 1994లో చూపించింది. అదే ఇనుమును వేడి స్ఫటికంపై పేరిస్తే పరమాణువులు స్ఫటిక ఉపరితలంపై ఉండే పరమాణు మెట్ల అంచుల వెంట చేరి పట్టీలుగా పెరుగుతాయి, పట్టీ సన్నబడే కొద్దీ క్యూరీ ఉష్ణోగ్రత, అంటే ఏ ఉష్ణోగ్రత దాటితే అయస్కాంత క్రమం పోతుందో అది, పడిపోతుంది. అందువల్ల పెరిగిన తీరు చెప్పకుండా ‘అర పొర ఇనుము’ అయస్కాంతమా కాదా అని అడగడంలో అర్థం లేదు.

నిండిన ఒక్క పొర క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 225 కెల్విన్లు. ముద్ద ఇనుముకు అది 1043. ఆ ఉష్ణోగ్రతకు చేరువవుతున్నప్పుడు అయస్కాంతత్వం తగ్గే తీరును తెలిపే ఘాతం 0.134గా తేలింది. ఆన్‌సాగర్ లెక్కించిన రెండు దిశల నమూనా చెప్పే విలువ 0.125. అంటే ఈ లోహపు పొర ఆ నమూనాకే దగ్గరగా ఉంది.

2010లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయ బృందం మెమరీ కణం కోసం వాడిన కోబాల్ట్-ఇనుము-బోరాన్ పొర మందం 1.3 నానోమీటర్లు. మెగ్నీషియం ఆక్సైడ్‌తో కలిసే సరిహద్దులో నీల్ చెప్పిన దిశాభేదమే దాని అయస్కాంతత్వాన్ని నిలువుగా నిలబెడుతుంది; పొర మరికాస్త మందమైతే అది తలంలోకి వాలిపోతుంది.