ట్యూనింగ్ లేని పెట్టె: ఘానాలో పత్రికలు, రేడియో కథ

1935 జులై 31న పశ్చిమ ఆఫ్రికా దేశం ఘానా రాజధాని అక్రాలో రేడియో మొదలైంది. అప్పటికి ఆ దేశం పేరు గోల్డ్ కోస్ట్, బ్రిటిష్ వలస. స్టేషన్ పేరు జెడ్ఓవై. ప్రసారం తీగల మీద ఇళ్లకు చేరేది. ఇంట్లో ఒక పెట్టె ఉండేది కానీ, దాంట్లో స్టేషన్ మార్చుకునే వీలు లేదు. ప్రభుత్వం వినిపించిందే వినాలి. 1957లో ఘానా స్వతంత్ర దేశమైంది, తెల్లదొరలు వెళ్లిపోయారు. రేడియో మాత్రం సర్కారు గుప్పిట్లోనే ఉండిపోయింది.

పత్రికలది ఇంకో దారి. వలస పాలన మీద పోరాడటానికి, తర్వాత ఘానా తొలి అధినేత అయిన ఎన్‌క్రుమా 1948లో అక్రా ఈవెనింగ్ న్యూస్ పెట్టాడు. ఆయన గద్దెనెక్కాక, తనను విమర్శించే, కుమాసీ నగరం నుంచి వచ్చే పత్రిక అశాంతి పయనీర్‌కు ముందు సెన్సార్, తర్వాత 1962లో నిషేధం తప్పలేదు. పత్రికను నమ్ముకుని ఎదిగిన మనిషే ఇంకో పత్రిక నోరు నొక్కాడు. ఈ చరిత్రలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. లండన్‌లోని మిర్రర్ పత్రిక వాళ్లు 1950లో మొదలుపెట్టిన డైలీ గ్రాఫిక్ కూడా 1960ల్లో ప్రభుత్వపరమైంది, ఈనాటికీ అలాగే ఉంది. 1989లో సైనిక పాలకుడు రాలింగ్స్ సర్కారు పత్రికలకు లైసెన్సు చట్టం తెచ్చింది.

1992 రాజ్యాంగం ఆ లైసెన్సులకు మంగళం పాడింది. సెన్సార్ కూడదంది, ప్రభుత్వ మీడియాలో భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలంది. ప్రైవేటు పత్రికలు ఊపిరి పీల్చుకున్నాయి. రేడియో దగ్గరికి వచ్చేసరికి ప్రభుత్వం ఫ్రీక్వెన్సీల కేటాయింపు పేరు చెప్పి ప్రైవేటు స్టేషన్లకు తలుపు తీయలేదు.

1994 నవంబరులో ఛార్లెస్ వెరెకో-బ్రాబీ అనుమతి కోసం ఆగకుండా రేడియో ఐ అనే ప్రైవేటు స్టేషన్ మొదలుపెట్టాడు. డిసెంబరు మొదట్లోనే భద్రతా బలగాలు వచ్చి పరికరాలు పట్టుకుపోయాయి. జనం వీధుల్లోకి వచ్చారు. మరుసటి ఏడాదే జాయ్ ఎఫ్ఎం అనే ప్రైవేటు స్టేషన్ గాల్లోకి వచ్చింది. చట్టం దృష్టిలో వెరెకో-బ్రాబీ చేసింది తప్పే కావచ్చు. ఆ తెగింపు లేకపోతే తలుపు అంత త్వరగా తెరుచుకునేది కాదని నా నమ్మకం. మన దగ్గర ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చెప్పడానికి ఈనాటికీ అనుమతి లేదు, ఆ సంగతి తెలిసినవాళ్లకు దీని విలువ అర్థమవుతుంది.

1999లో పీస్ ఎఫ్ఎం, ఘానా స్థానిక భాష అకాన్‌లో వచ్చింది. దాని పొద్దుటి కార్యక్రమం పేరు 'కొక్రోకూ', అంటే అకాన్‌లో కోడి కూత. ఇంగ్లిష్ పత్రికల్లో ఏం రాశారో అందులో అకాన్‌లోనే చెబుతారు, ఇంగ్లిష్ చదవలేనివాళ్లూ వింటారు. 2000 ఎన్నికల్లో ప్రైవేటు స్టేషన్లు పోలింగ్ కేంద్రాల దగ్గర లెక్క తేలిన ఫలితాలను తేలినట్టే చెప్పుకొచ్చాయి. అధికార పార్టీ ఓడింది, గద్దె దిగింది. కొత్త అధ్యక్షుడు కుఫూర్ హయాంలో, 2001లో, విలేకరులను జైలుకు పంపే క్రిమినల్ పరువునష్టం చట్టం రద్దయింది.