తోపుడు బండి మీద ఉక్కు కర్మాగారం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

అమ్మలూ, నువ్వు పంపిన కార్టూను నిన్న పోస్టులో అందింది. మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి పంపావు, చాలా సంతోషం. కిటికీ దగ్గర కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని, తీరిగ్గా చూశాను. ఒక తోపుడు బండి. దాని మీద విమానం, రైల్వే స్టేషను, కరెంటు స్తంభం, గొడుగు పట్టుకున్న ఎల్ఐసీ ఏజెంటు, పొగగొట్టాలతో మన ఉక్కు కర్మాగారం. అన్నిటికీ దారంతో కట్టిన చీటీలు, అన్నిటి మీదా ఒకే మాట: 'అమ్మబడును'. బండివాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టి కేక వేస్తున్నాడు. ఎదురుగా ఖాళీ సంచి పట్టుకుని ఒక ముసలాయన.

అన్నిటికంటే నాకు నచ్చింది ఎడమవైపు చక్రం. బరువుకు కాస్త బయటికి ఒరిగినట్లు గీశావు. బండి మోయలేనంత సరుకు ఎక్కించారన్న మాట ఆ ఒక్క వంకరలోనే వచ్చేసింది. దాని కోసం నువ్వు ఎంతసేపు కూర్చున్నావో కాగితం మీద రబ్బరు రుద్దిన మరక చెబుతోంది.

బొమ్మ కింద తమ్ముడు పెన్సిలుతో రాసిన ప్రశ్న కూడా చదివాను. "తాతయ్యా, ఇవన్నీ ప్రభుత్వానివా, మనవా? మనవైతే మనల్ని అడగకుండా ఎలా అమ్ముతారు?" చిన్నవాడు అడిగిందే అసలు ప్రశ్న. ఈ ఉత్తరం దాని కోసమే మొదలుపెట్టాను.

నాన్నా, అవి మనవే. మీ తాతల కాలంనుంచి జనం కట్టిన పన్నులతో కట్టినవి. ప్రభుత్వం వాటికి కాపలాదారు. అయితే ఆ కాపలాదారును మనమే ఓటు వేసి పెట్టుకున్నాం కాబట్టి, కొనడానికీ అమ్మడానికీ చట్టప్రకారం దానికి అధికారం ఉంది. అడగవలసింది పార్లమెంటులో మన సభ్యులు. వాళ్ళు అడిగినా అడగకపోయినా మరునాడు పొద్దున పత్రికలో ఒక చిన్న గడిలో అడిగేవాడు కార్టూనిస్టు. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుణ్ణి మీకు చూపించాను, గుర్తుందా? గళ్ళ కోటు, ధోవతి, చెవుల మీద నాలుగు వెంట్రుకలు. ఆయన ఎప్పుడూ మాట్లాడడు. ఊరికే నిలబడి చూస్తాడు. అమ్మకం బొమ్మలో అలాంటి మనిషి ఉన్నాడంటే అతను కొనడానికి వచ్చినవాడని అనుకోవద్దు. సరుకు సొంతదారు అతనే. అమ్మలూ, నీ ముసలాయన చేతిలోంచి ఆ ఖాళీ సంచి తీసేయి. సంచి ఉంటే బేరానికి వచ్చినట్లుంది.

ఇక చీటీల సంగతి. ఇక్కడ నీతో కొంచెం గట్టిగానే మాట్లాడాలి. నలభై ఏళ్ళు డ్రాయింగు మాస్టారుగా పనిచేసి, అంతకంటే ఎక్కువ ఏళ్ళు పత్రికల్లోంచి కార్టూన్లు కత్తిరించి దాచుకున్నవాణ్ణి. కార్టూనిస్టు ముక్కును మూరెడు సాగదీయవచ్చు, మంత్రిని చీమంత చేయవచ్చు. చీటీ మీద రాసే మాట మాత్రం నిజం కావాలి. అన్నిటికీ 'అమ్మబడును' అని కట్టేశావు. అన్నీ ఒకే రకం అమ్మకాలు కావు.

విమానం వరకు నీ చీటీ సరైనదే. ఎయిర్ ఇండియాను ప్రభుత్వం పూర్తిగా అమ్మేసింది. 1932లో టాటాలు మొదలుపెట్టిన సంస్థ అది. 1953లో ప్రభుత్వపరమైంది. 2021 అక్టోబరులో 18,000 కోట్లకు మళ్ళీ టాటాల పాటే నెగ్గింది. అందులో చేతికి వచ్చే నగదు 2,700 కోట్లు. మిగతా 15,300 కోట్లు వాళ్ళు తలకెత్తుకున్న అప్పు. ఇంకా 46,000 కోట్లకు పైగా అప్పు ప్రభుత్వం దగ్గరే మిగిలిపోయింది. తలపాగా, గుబురు మీసాలతో వంగి స్వాగతం చెప్పే ఎయిర్ ఇండియా మహారాజా ఉన్నాడే, 1946లో ఆ సంస్థ అధికారి బాబీ కూకా ఊహిస్తే చిత్రకారుడు ఉమేశ్ రావు గీసిన బొమ్మ అది. నష్టాల రోజుల్లో ఆ మహారాజాకు చిరిగిన అంగీ తొడిగిన కార్టూన్లు ఎన్నో వచ్చాయి. నన్ను గీయమంటే ఆయన పుట్టింటికి తిరిగి వెళ్తున్నట్లు, అప్పుల మూటల్లో పెద్దవి అత్తింటి అరుగు మీదే వదిలిపెట్టినట్లు గీస్తాను.

ఎల్ఐసీ సంగతి వేరు. 2022 మేలో అమ్మింది నూటికి మూడున్నర వంతుల వాటా. దానికే 20,500 కోట్ల పైచిలుకు వచ్చింది. ఏజెంటు మెడలో చీటీ కడితే మొత్తం మనిషినే అమ్మేసినట్లుంది. అతని గొడుగులోంచి ఒక చిన్న ముక్క కత్తిరించి పక్కన పెట్టు, ఆ ముక్కకు చీటీ కట్టు.

రైల్వే స్టేషను, కరెంటు స్తంభం ఉన్నాయే, అవి 2021 ఆగస్టులో ప్రకటించిన ఆస్తుల నగదీకరణ పథకంలోవి. నాలుగేళ్ళలో 6 లక్షల కోట్లు రాబట్టాలని లక్ష్యం పెట్టుకున్నారు. అందులో ఆస్తి ప్రభుత్వం పేరునే ఉంటుంది. కొన్నేళ్ళ పాటు నడుపుకొని సంపాదించుకునే హక్కును ప్రైవేటు సంస్థలకు ఇచ్చి, బదులుగా డబ్బు తీసుకుంటారు. దాని చీటీ మీద 'లీజుకు' అని ఉండాలి. అన్నేళ్ళు ఇవ్వడం అమ్మడంతో సమానమే అని నీకు అనిపిస్తే, అది నీ అభిప్రాయం, చెప్పే హక్కు నీకుంది. అప్పుడు చీటీని పొడవుగా గీయి. బండి మీదనుంచి జారి, నేల మీద పాకి, బొమ్మ చట్రం దాటి పోయేంత పొడవు. మాట నిజమే ఉంటుంది, కోపం గీతలోకి వస్తుంది.

ఉక్కు కర్మాగారం దగ్గర నా చెయ్యి వణుకుతుంది. 1966లో నాకు పదమూడేళ్ళు. వీధి గోడల మీద 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని రాసినప్పుడు సుద్ద డబ్బా పట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కర్మాగారం కావాలన్న ఆ ఉద్యమంలో నవంబరు 1న పోలీసు కాల్పులు జరిగిన రోజు మా నాన్న నన్ను రెక్క పట్టుకుని ఇంట్లోకి లాగి తలుపు గడియ వేయడం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. రాష్ట్రమంతా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు, మరుసటి జనవరిలో శంకుస్థాపన చేశారు. 64 గ్రామాల భూముల్లో అది లేచింది. 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. 2021 జనవరి 27న దాని వాటా నూరు శాతం అమ్మడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు, ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

ఆ తర్వాత వచ్చిన కార్టూన్ల వ్యాఖ్యలు ఎక్కువగా ఒకే ప్రాస చుట్టూ తిరిగాయి: ఉక్కు, హక్కు, తుక్కు. మన భాష ఇచ్చిన వరం అది, ఒక్క అక్షరం మారిస్తే ఊరేగింపు శవయాత్ర అవుతుంది. 'నమ్మకం'లో మొదటి అక్షరంలోని నకారం చెరిపేస్తే 'అమ్మకం' మిగులుతుంది. ఇవి చూడగానే గుండెకు తగులుతాయి. కానీ కర్మాగారం ఎందుకు నష్టపోయిందో ప్రాస చెప్పదు. దానికి సొంత ఇనుప ఖనిజం గనులు లేవు. పెద్ద ఉక్కు సంస్థలు చాలావాటికి ఉన్నాయి. ఖనిజాన్ని బజారు ధరకు కొని, వాళ్ళతో పోటీపడాలి. పస్తు ఉంచిన ఎద్దును పందెంలోకి తోలి, ఓడిపోయిందని సంతకు తోలుకుపోయినట్లు గీయవచ్చు. నా వయసు వాడు ఆ బొమ్మే గీస్తాడు. నువ్వు ఇంకా మంచిది ఆలోచిస్తావు.

ఇంకొకటి. బొమ్మ వెనుక తేదీ వెయ్యి. 2025 జనవరిలో అదే కర్మాగారానికి 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించారు. తేదీ లేని కార్టూను పదేళ్ళ తర్వాత అబద్ధం చెప్పినట్లు కనిపిస్తుంది, అది గీసిన రోజు నిజమే చెప్పినా సరే.

అమ్మడమే పాపం అని నేను అనను. మోడరన్ రొట్టెల కంపెనీని 2000లో అమ్మారు. ప్రభుత్వం రొట్టెలు కాల్చాలా అని అప్పుడు అడిగినవాళ్ళ మాటలో న్యాయం ఉంది. వచ్చిన డబ్బు ఏమవుతుందన్నదే నా బాధ. ఇంగ్లండులో థాచర్ ప్రభుత్వం 1984లో టెలిఫోను సంస్థను అమ్మకానికి పెట్టింది. మరుసటి ఏడాది హెరాల్డ్ మాక్మిలన్ అనే పెద్దాయన దాని గురించి మాట్లాడారు. థాచర్ పార్టీలోనే 1957 నుంచి 1963 వరకు ప్రధానమంత్రిగా చేసిన మనిషి. కష్టకాలంలో పెద్ద కుటుంబాలు ముందు వెండి సామాను, తర్వాత మంచి మంచి కుర్చీలూ బల్లలూ, ఆ తర్వాత గోడమీది చిత్రపటాలూ అమ్ముకున్నట్లుందని అన్నారు. అప్పటినుంచి అక్కడి కార్టూన్లలో వెండి పాత్రలు మెరుస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత ఆయన ఎగువ సభలో తన మాట విప్పి చెప్పారు: ప్రైవేటు చేయడాన్ని తప్పుపట్టడం లేదు, అలా వచ్చిన పెద్ద మొత్తాలను రాబడి లెక్కన వాడుకోవడాన్నే ప్రశ్నించాను అని. ఈ సగం మాట మాత్రం ఎక్కువమంది మరిచిపోయారు.

మన ఊళ్ళో చెప్పుకోవాలంటే, ధాన్యం అమ్ముకుని తింటే మళ్ళీ ఏడు పండుతుంది. పొలం అమ్మితే ఆ డబ్బు ఒక్కసారే వస్తుంది. పొలం అమ్మి బిడ్డను డాక్టరు చదివించినవాళ్ళను చూశాను. పొలం అమ్మి పండగలు చేసి, నాలుగేళ్ళకు అదే పొలంలో కూలికి వెళ్ళినవాళ్ళనూ చూశాను. అమ్మకం పత్రం మీద ఇద్దరి సంతకాలూ ఒకలాగే ఉంటాయి.

అందుకే నీ బండిలో ఒక లోటు కనిపించింది. సరుకు ఉంది, చీటీలు ఉన్నాయి, కేక ఉంది. గల్లాపెట్టె లేదు.

ఈ ఉత్తరంతో పాటు నా పాత కలం పాళీలు రెండు, నల్ల సిరా సీసా పంపుతున్నాను. సీసా మూతకు మైనం అద్దాను, తీసేటప్పుడు తమ్ముణ్ణి దూరంగా ఉండమను. చక్రం అలాగే ఉంచు, దాన్ని ముట్టుకోవద్దు. చీటీలు మార్చి, గల్లాపెట్టె పెట్టి, మళ్ళీ గీసి పంపు. అది ఎవరి చేతి దగ్గర ఉంటుందో, మూత తెరిచి గీస్తావో మూసి గీస్తావో చూడాలని ఉంది.

మీ తాతయ్య