ఉబ్బలమడుగు, తలకోన: ఏట్లో దిగేవాళ్ల అపోహలు, వాస్తవాలు

ఉబ్బలమడుగు, తలకోన తిరుపతి వైపు కొండల్లోని జలపాతాలు. ఉబ్బలమడుగు పేరులోనే మడుగు ఉంది. అయినా వచ్చినవాళ్ల చూపంతా పైనుంచి పడే ధార మీదే. ప్రాణాలు పోయేది మాత్రం మడుగులో.

అపోహ: అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయంటే లోతు లేనట్టే.
వాస్తవం: తేట నీళ్లే ఎక్కువ మోసం చేస్తాయి. వెలుతురు నీళ్లలోంచి గాల్లోకి వచ్చేటప్పుడు వంగుతుంది కాబట్టి, నిటారుగా చూసినా లోతు ముప్పాతిక వంతే కనిపిస్తుంది. ఛాతీ దాకా వస్తుందనుకున్న నాలుగున్నర అడుగుల చోట నిజానికి ఆరడుగులుంటుంది. గట్టు మీద నుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువనిపిస్తుంది. పైగా బండ మెల్లగా వాలుతూ పోయి ఒక్కసారిగా తెగిపోతుంది. రెండడుగులు వేసేదాకా మోకాలి లోతే, మూడో అడుగు వేస్తే నేల అందదు. తాడుకు రాయి కట్టి వదలండి. రాయి అడుగు తాకగానే తాడు బిగించి పట్టుకుంటే, తడిసినంత మేరా అసలు లోతు.

అపోహ: ఈత వస్తే భయం లేదు.
వాస్తవం: బావిలో నేర్చిన ఈత ధార కింద సాగదు. నురగలో గాలి కలిసుంటుంది, ఒళ్లు సరిగా తేలదు. పడే నీళ్లు కిందికి నొక్కి, మళ్లీ ధార దగ్గరికే లాగుతాయి. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకొద్దు, పట్టుకుని మిమ్మల్నీ ముంచేస్తారు. ఖాళీ అయిదు లీటర్ల నూనె క్యాన్‌కు పదిహేను మీటర్ల నైలాన్ తాడు కట్టి విసరండి. ఉత్త క్యాన్ గాలికి పక్కకు పోతుంది. రెండు గ్లాసుల నీళ్లు పోసి మూత బిగిస్తే అనుకున్న చోట పడుతుంది.

అపోహ: ఎండ కాస్తోంది, ఏరు పొంగదు.
వాస్తవం: వాన పడాల్సింది మీ నెత్తిన కాదు, ఎగువ కొండల్లో. రాయెక్కువ, మట్టి పలుచన కాబట్టి నీళ్లు ఇంకవు, జారిపోతాయి. తేట నీళ్లు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా వెంటనే పక్క గట్టెక్కండి, బ్యాగు కోసం ఆగొద్దు. మన వనభోజనాలు కార్తీకంలో, తుపానులూ అప్పుడే. 2021లో తిరుపతిని ముంచిన వానలు కార్తీక పౌర్ణమి నాటివే. నీళ్లూ ఉండి, భయమూ తగ్గేది జనవరిలో.

అపోహ: చెప్పులు విడిస్తే కాలు జారదు.
వాస్తవం: పాచి మీద ఉత్త కాలూ జారుతుంది. అడుగు అరగని బూట్లు వేసుకోండి, నల్లగా మెరిసే బండ తొక్కకండి. దాటేటప్పుడు ఎగువకు మొహం పెట్టి, కర్ర ఊని, పక్కకు జరగాలి. బ్యాగు నడుం పట్టీ ముందే విప్పేయండి. నీళ్లు మోకాలు దాటితే వెనక్కి వచ్చేయడమే.

పారే నీళ్లు తాగొచ్చన్నదీ అపోహే. ఎగువన గొడ్లు దిగుతాయి. తలా రెండు లీటర్లు ఇంటి నుంచే తెచ్చుకోండి.