ఎగ్జాస్టు ఫ్యాన్ ఉంది కదా, ఇంకేం భయం?

పాలకొల్లులో లాడ్జి నడిపే పాఠకులొకరు అడిగారు: "కార్తీకమాసంలో పంచారామాల బస్సులు తెల్లవారుజామునే వచ్చి ఆగుతాయి. అందరికీ ఒకేసారి వేడినీళ్లు కావాలి. అన్ని కరెంటు గీజర్లకీ లోడు చాలడం లేదు, గ్యాస్ గీజర్లు పెట్టిద్దామనుకుంటున్నాం. బాత్రూముల్లో ఎగ్జాస్టు ఫ్యాన్లు ఎలాగూ ఉన్నాయి కదా, ఇంకేం భయం?"

భయమల్లా ఆ ఫ్యాన్లతోనే.

ముందు గాలి లెక్క. నిమిషానికి 6 లీటర్ల నీళ్లను 25 డిగ్రీలు వేడెక్కించే గీజరు గంటకు దాదాపు కిలో గ్యాసు కాలుస్తుంది. కిలో గ్యాసు పూర్తిగా మండాలంటే సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఆరడుగులు, ఐదడుగులు, ఎత్తు ఎనిమిదడుగులు ఉండే బాత్రూములో పట్టే గాలి మొత్తం 7 ఘనపు మీటర్ల లోపే. తలుపు బిగించుకుని ముగ్గురు వరసగా స్నానం చేస్తే, ఆ అరగంటలో మంటకు కావలసిన గాలి 6 ఘనపు మీటర్లు!

అంతదాకా మంట ఆగదు, ముందే పాడవుతుంది. గ్యాసులోని కార్బన్ ఒక్క దూకులో కార్బన్ డయాక్సైడ్ అయిపోదు. ముందు కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. మంటలోనే పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్) దానికి రెండో ఆక్సిజన్ అందిస్తుంది. గాలిలో 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 18కి దిగినా, మంట గీజరులో నీళ్లను వేడెక్కించే చల్లటి రాగి రేకులకు తగిలి ముందే చల్లారినా ఈ రాడికల్స్ కరువవుతాయి. మోనాక్సైడ్ సగం దారిలో మిగిలిపోతుంది. పదో తరగతిలో అసంపూర్ణ దహనం అని రెండు మార్కులకు బట్టీ పట్టించేది దీన్నే. సమీకరణం తుల్యం చేయమంటాం గానీ, ఇది మీ బాత్రూములో జరిగేదేనని చెప్పం.

మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, కాళ్లలో సత్తువ పోవడం, ఆపైన తలుపు గడియ తీసే ఓపిక కూడా లేకపోవడం. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన ఆక్సీమీటరును నమ్ముకోకండి. మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ పట్టినదిగానే లెక్కేసి నిక్షేపంగా 98 చూపిస్తుంది.

ఇప్పుడు గీజరు పొగను బయటికి చేర్చే పొగగొట్టం సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. గొట్టంలో పొగను తోసేవాళ్లెవరూ ఉండరు. వేడిగాలి తేలిక, బయటిగాలి బరువు, ఆ తేడాయే దాన్ని నడిపిస్తుంది. బయట 20 డిగ్రీలు, గొట్టంలో 120 డిగ్రీలు ఉంటే మీటరు ఎత్తుకు వచ్చే ఒత్తిడి తేడా 3 పాస్కల్స్. మీటరున్నర గొట్టానికి నాలుగున్నర, అంటే అర మిల్లీమీటరు లోతు నీళ్లు కలిగించే ఒత్తిడి.

డెల్టాలో పుట్టినవాళ్లకు దీన్ని వివరించడం తేలిక. కొల్లేరు అభయారణ్యానికి హద్దుగా చెప్పే ఐదో కాంటూరు సముద్రమట్టానికి ఐదడుగులే ఎత్తు. ఆ కాస్త వాలుతోనే కొల్లేటి నీళ్లు మోసే ఉప్పుటేరు పదుల కిలోమీటర్లు పారి సముద్రంలో కలవాలి. సముద్రం పోటు మీదుంటే ఆ వాలు చాలదు. మురుగు నిలిచిపోతుంది, పోటు గట్టిదైతే ఉప్పునీరే ఎగదన్నుతుంది. పొగగొట్టం కూడా ఇలాంటి డ్రెయినే. ఎగ్జాస్టు ఫ్యాన్ దానికి పోటు. తలుపులు బిగించిన గదిలో మామూలు ఫ్యాన్ 20, 30 పాస్కల్స్ లాగగలదు. నాలుగున్నర ఎక్కడ, ముప్పై ఎక్కడ! ఫ్యాన్‌కు గాలి కావాలి, తలుపు సందులోంచి రాదు, కాబట్టి పొగగొట్టంలోంచే లాక్కుంటుంది. పొగ ఎగదన్ని గదిలోకి దిగుతుంది. ఫ్యాన్ దాన్ని బయటికి పంపదా అంటే పంపుతుంది, స్నానం చేసేవాడి ముక్కు మీదుగా. పైగా ఆ పొగే మళ్లీ మంటకు చేరి ఆక్సిజన్‌ను ఇంకా పలచన చేస్తుంది, మోనాక్సైడ్ ఇంకా పెరుగుతుంది.

మిగతావీ ఈ లెక్కలోకే వస్తాయి. గొట్టాన్ని గోడ వెంట అడ్డంగా పది అడుగులు లాగితే వాలు లేని డ్రెయిన్ తవ్వినట్టే, ముందు నిలువుగా లేపి తర్వాతే వంచాలి. కొసన కందిరీగలు గూడు పెడితే మొగ పూడిపోయినట్టే. బయట గోడకు గాలి ఎదురు కొట్టే వైపు గొట్టం మూతి పెడితే, తుఫాను రోజు పోటుకు ఉప్పెన తోడైనట్టు. అన్నిటికంటే మోసం కింది అంతస్తు హోటల్ వంటగది ఫ్యాన్. మెట్లదారిలోంచి, వరండాలోంచి పై గదుల గాలిని కూడా అదే లాగేస్తుంది, మీ బాత్రూములో స్విచ్ వేయకపోయినా సరే.

1921లో విల్మర్ అనే అమెరికన్ కంటి వైద్యుడు ఒక కుటుంబం గోడును వైద్య పత్రికలో అచ్చేశాడు. రాత్రిళ్లు అడుగుల చప్పుడు, ఎవరో నిలబడి చూస్తున్నట్టు అనిపించడం, పొద్దున్నే తలనొప్పి. తీరా చూస్తే ఇల్లు వేడిచేసే కొలిమి పాడై, పొగ ఇంట్లోకి వస్తోంది. మన దగ్గరైతే గాలి సోకిందని తాయెత్తు కడతారు, లేదా ఫలానా గది అచ్చిరాలేదని గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడదీస్తారు. గొట్టం వైపు తలెత్తి చూసేవాడుండడు.

పరీక్ష మాత్రం చాలా సులువు. తలుపులు, కిటికీలు అన్నీ మూయండి. వంటగదితో సహా భవనంలోని ఫ్యాన్లన్నీ వేయండి. గీజరు వెలిగించి ఐదు నిమిషాలాగి, గీజరు మీద గొట్టం మొదలయ్యే చోట తెరిచి ఉండే సందు దగ్గర అగరుబత్తి పట్టుకోండి. పొగ సన్నటి దారంలా లోపలికి వంగితే సరే. తడబడినా, మీ ముఖం మీదికి వచ్చినా వెంటనే ఆపేసి కిటికీలు తెరవండి.

నా సలహా అడిగితే, గీజర్లను బాత్రూముల్లో పెట్టకండి. వెనక వైపు గాలాడే బాల్కనీ గోడకు పెట్టి, నీటి గొట్టం మాత్రం లోపలికి తెచ్చుకోండి. పొగగొట్టమే లేని చవక రకాన్ని కప్పు కింద ఏ గదిలోనూ వద్దు. తప్పనిసరిగా లోపలే అంటే, బయటిగాలిని తానే పీల్చుకుని పొగను బయటికే వదిలే మూసిన పెట్టె రకం ఒక్కటే పనికొస్తుంది. దానికి గదిలో గాలితో పనే లేదు కాబట్టి పోటు దాన్ని తాకదు. దాంతో పాటు ప్రతి గదిలో మోనాక్సైడ్ అలారం, పడుకునే చోట.

మంట పసుపుగా ఉంటే ప్రమాదమని మెకానిక్కులు చెబుతారు. నిజమే, కానీ అంతర్వేది వైపు సముద్రపు గాలిలో ఉప్పు రేణువులుంటాయి. మంటలో పడితే అందులోని సోడియం 589 నానోమీటర్ల దగ్గర నారింజ రంగులో మెరుస్తుంది. అక్కడక్కడ చుక్కల్లా మెరిసి పోయేది ఉప్పు. కొసలు కదలకుండా పసుపుగా వెలుగుతూ గిన్నెకు మసి పట్టించేది గాలి చాలని మంట. మొదటిదానికి మెకానిక్ అక్కర్లేదు.

సిలిండర్లు మెట్ల కింద పెట్టవచ్చా అని కూడా అడిగారు. వద్దు. గ్యాసు గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, కారితే నేలబారున పాకి పల్లంలో నిలుస్తుంది. బయట, నేలమట్టానికి పైన, దగ్గర్లో డ్రైనేజీ మూతలు లేని చోట, అడుగున కూడా గాలి సందులున్న జాలీ గదిలో పెట్టించండి.