మునగాకు లెక్కల్లో మరిచిపోయే నీళ్లు

ఆకులు, పొడులు పరీక్షించే ల్యాబ్‌లో నా ఉద్యోగం. ఆ సంగతి తెలియగానే జనం నన్ను అడిగేది మునగాకు గురించే.

అపోహ: పాలకంటే, పాలకూరకంటే, నారింజకంటే మునగాకులో అన్నీ ఎన్నో రెట్లు ఎక్కువ.

వాస్తవం: ఈ మాట చెప్పే పోలిక పట్టికల్లో ఒక అంకె పచ్చి ఆకుది, ఇంకోటి ఎండు పొడిది. 100 గ్రాముల పచ్చి ఆకును ఓవెన్‌లో పూర్తిగా ఆరబెడితే 20–25 గ్రాములు మిగులుతుంది. తగ్గిందంతా నీరే. అందుకే 100 గ్రాముల పొడిలో కాల్షియం 2000 మిల్లీగ్రాముల దాకా కనిపిస్తుంది. దాన్ని తీసుకెళ్లి, 87 శాతం నీళ్లే ఉన్న పాలతో పోలుస్తారు! అసలు 100 గ్రాముల పొడి ఎవరు తింటారు? ఓ చెంచా, అంటే 5 గ్రాములు అనుకుందాం. కాల్షియం 100 మిల్లీగ్రాములు వస్తుంది. గ్లాసు పాలలో సుమారు 300 ఉంటుంది.

విటమిన్ సి కథ తిరగబడుతుంది. పచ్చి ఆకులో బాగానే ఉంటుంది, ఎండబెడితే చాలావరకు పోతుంది. దీన్ని కొలవడానికి నీలిరంగు డై వాడతాం. విటమిన్ సి ఉన్నంతసేపూ చుక్కచుక్కకూ ఆ రంగు విరిగిపోతుంది, అయిపోగానే ద్రావణం లేత గులాబీ రంగులో నిలిచిపోతుంది. తాజా ఆకు రసం డైని బాగా తాగేస్తుంది. పాత పొడికైతే కాసిని చుక్కలకే గులాబీ వచ్చేస్తుంది.

అపోహ: రిపోర్టులో ఐరన్ ఎంత ఎక్కువుంటే పొడి అంత మంచిది.

వాస్తవం: నాకైతే మరీ ఎక్కువ అంకె చూస్తే ముందు అనుమానమే వస్తుంది. ఆకులు సరిగ్గా కడగకపోతే మట్టిలోని ఇనుము కూడా లెక్కలోకి వస్తుంది. అలాంటి పొడిని కాల్చి, ఆ బూడిదను ఆమ్లంలో మరిగిస్తే కరగకుండా అడుగున ఇసుక మిగులుతుంది. అసలైన ఆకు ఐరన్‌నైనా ఒంటికి పూర్తిగా పట్టనివ్వని ఫైటేట్లు, పాలీఫినాల్స్ అందులోనే ఉంటాయి. విటమిన్ సి ఉన్నది ఏదైనా దాంతోపాటు తింటే కొంత మెరుగు.

అపోహ: నలిపితే వచ్చే ఘాటు మొదటినుంచీ ఆకులో ఉన్నదే.

వాస్తవం: లేత ఆకును వేళ్ల మధ్య నలిపి చూడండి, ఆవాల్ని గుర్తుచేసే ఘాటు ముక్కుకి తగులుతుంది. ఆకులో గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలు ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ మరోచోట ఉంటాయి. నలిపినప్పుడు రెండూ కలిసి ఘాటైన ఐసోథయోసయనేట్లు పుడతాయి. ఆకును నలపకుండా నేరుగా మరిగే నీళ్లలో వేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, ఘాటు అంతగా పుట్టదు. ఆవాలు, మునగ వృక్షశాస్త్ర వర్గీకరణలో ఒకే క్రమానికి (ఆర్డర్) చెందిన మొక్కలు కాబట్టే ఈ పోలిక.

అపోహ: ఆకే ఇంత మంచిదైతే వేరు, బెరడు ఇంకా మంచివి.

వాస్తవం: కావు. వేరు బెరడులో ఆల్కలాయిడ్లు ఉంటాయి, అవి విషం కావచ్చు. గర్భిణులు వేరు, బెరడు జోలికి పోనే కూడదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వాడేవాళ్లు ఆకు విషయంలో కూడా డాక్టర్‌తో మాట్లాడాలి, ఎందుకంటే అందులో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె ఉంటుంది. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లూ అంతే, రోజూ పొడి మొదలుపెట్టే ముందే అడగాలి.