వాలెన్సియా మంటల్లో కాలుతున్నది ఏమిటి?

మార్చి 19 రాత్రి స్పెయిన్‌లోని వాలెన్సియా నగరం ఫాయస్ ఉత్సవానికి నిప్పుతో వీడ్కోలు చెబుతుంది. ఏడాది పొడవునా కళాకారులు చెక్కి, రంగులద్ది, కూడళ్లలో నిలబెట్టిన బొమ్మలు దాదాపు అన్నీ తెల్లవారేసరికి బూడిదవుతాయి. ఆ ముగింపు పేరు క్రెమా, అంటే కాల్చడం. నగరంలో 350కి పైగా పేట సంఘాలున్నాయి. ఒక్కో సంఘం పెద్ద బొమ్మల కట్టడం ఒకటి, పిల్లల కోసం చిన్నదొకటి నిలబెడుతుంది. ఆ మంటల నుంచి లేచే నల్లటి పొగ మీద ఇప్పుడు వాదం నడుస్తోంది.

మొదట్లో కాలింది వడ్రంగుల చెక్కపొట్టు అంటారు. చలికాలంలో దీపాలు తగిలించుకున్న కొయ్య స్తంభాన్ని, పగటి వెలుగు పెరిగాక, తమ ఆరాధ్యుడు సెయింట్ జోసెఫ్ పండుగ ముందు రాత్రి చెత్తతో కలిపి తగలబెట్టేవారట. ఈ కథను చరిత్రకారులందరూ ఒప్పుకోరు. ఆ పండుగకు వీధుల్లో మంటలు వేసేవారని మాత్రం 18వ శతాబ్దపు పత్రాలు చెబుతున్నాయి.

తర్వాత మంటపైకి బొమ్మలెక్కాయి. పాత బట్టలు తొడిగి, పేటలో అందరికీ తెలిసిన మనిషి పోలికలు తెచ్చి, ఎగతాళి పద్యాలు అతికించేవారు. అధికారులకు అది మింగుడుపడలేదు. 19వ శతాబ్దంలో పురపాలక సంఘం అనుమతి రుసుము పెంచి వీటిని అణచాలని చూసింది. అదే సంఘం 1901లో బహుమతులివ్వడం మొదలుపెట్టింది. నా ఉద్దేశంలో అసలు మలుపు ఇదే. పోటీ వచ్చాక బొమ్మలు ఎత్తు పెరిగాయి, నునుపు తేలాయి. అంత అందాన్ని కాల్చడానికి మనసొప్పక, 1934 నుంచి ప్రజల ఓటుతో ఒక బొమ్మకు ప్రాణభిక్ష పెడుతున్నారు. స్పెయిన్ నియంత ఫ్రాంకో కాలంలో నమూనా చిత్రాలకే సెన్సారు ఉండేది.

మైనపు తలలు పోయి అట్టబొమ్మలు వచ్చాయి, అట్ట పోయి థర్మోకోల్ వచ్చింది. తేలిక, చెక్కడం సులువు, ఎంత ఎత్తుకైనా నిలుస్తుంది. కాలితే మాత్రం ఊపిరాడని పొగ. అందుకే కొందరు కళాకారులు సన్నని చెక్కబద్దలను వంచి అల్లే పాత పద్ధతిని మళ్లీ పట్టుకున్నారు. పండుగను నిలబెట్టేది వాళ్లేనని నా నమ్మకం.

నిప్పు పెట్టే ముందు మంట లోపలికి పాకేలా బొమ్మకు కంతలు చేస్తారు. ఉత్సవానికి పేట సంఘం ఎంచుకున్న రాణి పట్టు గౌనులో వచ్చి టపాసుల వత్తి అంటిస్తుంది. అగ్నిమాపక సిబ్బంది పక్క ఇళ్ల గోడల మీద నీళ్లు చిమ్ముతుంటారు. బొమ్మ కూలుతుంటే ఆ అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తుంది.